మూడింటిదాకా ఉన్నావని చెప్పు

పోయిన వారం మనం దేవసహాయాన్ని అబిడ్స్‌లో, శ్యామ్‌సుందర్ శేటు కుట్టు దుకాణంలో, చేతిలో కత్తెర ఉండగా వదిలిపెట్టాం. వెయ్యో రోజు కూడికకి మందిరంలో బల్లమీద పరిచే తెల్లగుడ్డ కత్తిరిస్తున్నాడు. గుమ్మంలో నీడ పడింది. తలెత్తితే జయమ్మ.

ఇవాళే ఈ కథలోకి వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. నాంపల్లి స్టేషను వెనక సందులో రేకుల కప్పు మందిరం ఒకటుంది. అక్కడి రత్నాకరం అయ్యగారు అరవై ఐదో సంవత్సరం జనవరి ఒకటిన గొలుసు ప్రార్థన మొదలుపెట్టారు. మనిషికి ఊపిరి ఎట్లాగో విశ్వాసికి ప్రార్థన అట్లాగని, అది ఆగకూడదని ఆయన నమ్మకం. ఒక్క మనిషి ఇరవై నాలుగు గంటలు మోకాళ్ళమీద ఉండలేడు కాబట్టి సంఘమంతా వంతులు వేసుకుంది. పగటి గంటలు మందిరంలో చాపమీద. రాత్రి గంటలు ఎవరిళ్ళలో వాళ్ళు. కట్టుబాటు ఒక్కటే. తర్వాతి మనిషి వచ్చి పక్కన మోకరించి భుజంమీద చెయ్యి వెయ్యాలి. ఆ చెయ్యి పడేదాకా ముందున్న మనిషి లేవకూడదు.

దేవసహాయానిది మధ్యాహ్నం రెండు నుంచి మూడు. జయమ్మది మూడు నుంచి నాలుగు.

పోయిన డిసెంబరులో ఒకరోజు దేవసహాయం రెండూ ఇరవైకి లేచిపోయాడు. చెయ్యి పడలేదు. ఎవరూ పిలవలేదు. ఇంట్లో జబ్బు లేదు, చావు లేదు. బొంబాయిలో క్రికెట్ మ్యాచి జరుగుతోంది. స్టేషను ఎదురుగా ఇరానీ హోటల్లో రేడియో పెట్టారు. జనం వేసిన కేక మందిరం కిటికీలోంచి వినపడింది. ఒక్క నిమిషం విని వద్దామని లేచాడు. ఇంగ్లీషు ముక్క రాదు, అయినా ఆ గోల అంటే ఇష్టం. చాయి చెప్పాడు. బిస్కెట్టు ముంచుకు తిన్నాడు. గడియారం చూసేసరికి మూడు కావడానికి ఐదు నిమిషాలు. మధ్యాహ్నం మూసిన దుకాణం మూడింటికి శేటు మళ్ళీ తెరుస్తాడు. అటునుంచి అటే అబిడ్స్‌కి నడిచాడు. జయమ్మ ఎన్నడూ గంట తప్పదు, వచ్చేసే ఉంటుంది అనుకున్నాడు.

మందిరంలో రాకపోకల పుస్తకం ఒకటుంటుంది. వచ్చిన గంట ఒక గడిలో, లేచిన గంట ఇంకో గడిలో రాసి సంతకం పెట్టాలి, సంతకం రానివాళ్ళు గీత గియ్యాలి. లేచేటప్పటికి వెనక మనిషి ప్రార్థనలో ఉంటారు కదా, కాగితాల చప్పుడెందుకని, రాగానే రెండు గళ్ళూ నింపెయ్యడం అందరికీ అలవాటైపోయింది. ఆరోజు దేవసహాయం కూడా రాగానే నింపేశాడు. కాబట్టి పుస్తకంలో ఆయన మూడింటిదాకా ఉన్నాడు. ఈ తొమ్మిది నెలల నుంచీ అలాగే ఉన్నాడు.

ఇక జయమ్మ సంగతి.

ఆమెకి అరవై ఏళ్ళుంటాయి. ఎర్ర అంచు తెల్ల చీర, చేతిలో రేకు డబ్బా. పెనిమిటి యాకోబు రైల్వేలో పట్టాల పని చూసే గ్యాంగుమన్నుగా చేసి దిగాడు. ఆయన దవాఖానలో పోయింది ఆ డిసెంబరులోనే. ఆరోజే.

శ్యామ్‌సుందర్ గల్లా దగ్గరనుంచే పలకరించాడు. “ఏంది జయమ్మా, మీ దేవునికి వెయ్యి దినాలు నిండినయంట. మిఠాయి గిట్ల పంచుతరా లేదా?”

“పంచుతరు శేటూ. నీకు జర పెద్ద ముక్క తెస్త.”

“మా మాస్టర్‌ను చూసినవా, మిషిన్ మీద కూసొని గూడ పెదవులు ఆడిస్తనే ఉంటడు. మా ఇంట్ల గంట కొట్టి హారతిచ్చి గమ్మున కూసుంటం. మీరేమో పొద్దుమాపు ఆయన చెవి తింటరు. విసుగు రాదా ఆయనకు?”

“నువ్వు దినాం మీ ఇంటామెకు చెప్పిన ముచ్చటే చెప్తవు గద. ఆమెకు విసుగొచ్చిందా?”

“వచ్చింది” అని నవ్వి, శేటు దారపు ఉండలు తేవడానికి సుల్తాన్ బజారు వైపు వెళ్ళిపోయాడు.

జయమ్మ పీట లాక్కుని కూర్చుంది. “పని ఆపకు బిడ్డా. నువ్వు కోస్తనే ఉండు, నేను చెప్త.”

“చెప్పండమ్మా.”

“ఐతారం నాకు శాలువ కప్పుతరంట అయ్యగారు.”

“విన్నాను.”

“ఎందుకో ఎరుకేనా?”

ఎరుకే. సంఘంలో ఎరగనివాళ్ళు లేరు. పెనిమిటి చావుబతుకుల్లో ఉన్నా గొలుసు తెగనివ్వలేదని రత్నాకరం అయ్యగారు ఇప్పటికి ఐదుసార్లు ప్రసంగంలో చెప్పారు. ఆ మాట వచ్చినప్పుడల్లా దేవసహాయం కాళ్ళకేసి చూసుకునేవాడు.

“నేను గంట తప్పిన బిడ్డా” అంది జయమ్మ.

కత్తెర ఆగింది.

“కొయ్యి, కొయ్యి. నువ్వు నా మొకం చూస్తె నాకు చెప్పరాదు.” ఆమె రేకు డబ్బా మూత తీసి పెట్టింది, మళ్ళీ తీసింది. “ఆదినం పొద్దుగాల ఆయనకు జర మంచిగనే ఉండె. గంజి తాగిండు. రెండున్నరకు నేను లేస్తుంటె కొంగు పట్టుకున్నడు. ఇయ్యాల పోకే అన్నడు. ఆయన ఎన్నడు పోకు అన్నోడు గాదు. నేనే ఇడిపించుకున్న. గొలుసు తెగుతది, గంటసేపు కూసొని ఉరికొస్త అన్న. దవాఖాన బైటికొస్తె గౌలిగూడ కాడ బస్సులన్ని నిలబడ్డయి. ఏందో ఊరేగింపంట. నడుస్తనే వచ్చిన. కోఠి, అబిడ్స్, గీ నీ దుకాణం ముంగట్నుంచే. మందిరంల అడుగు పెట్టేసరికి మూడున్నర.”

“అమ్మా...”

“చాప మీద ఎవ్వరు లేరు. పుస్తకం చూస్తె నీ సంతకం ఉన్నది, మూడు అంకె ఉన్నది. అంకెలైతె నాకొస్తయి గద. అంటె అర్ధగంట గా చాప ఖాళీగున్నది. నేనేం చేసిన? మూడు కాడనే నా గీత గీసిన. గీసి, కూసొని, నాలుగు కొట్టినంక దవాఖానకు పోయిన. మూడుంబావుకే పోయిండంట.”

బయట రిక్షా బెల్లు మోగింది. దేవసహాయం బల్లమీద గుడ్డ చదును చేశాడు. అది చదునుగానే ఉంది.

“గాడ లేను, గీడ లేను. తొవ్వ మీదున్న. ఆయన పానం పోయే యాళ్ళకు పక్కన నేను లేను, చాప మీద దేవునితోటి ఆయన పేరు చెప్పేటోళ్ళు లేరు. ఇట్లాంటి దానికి శాలువనా?”

దేవసహాయం మనసులో లెక్క తనంతట తానే నడిచింది. ఈమె కొంగు విడిపించుకుంది రెండున్నరకి. అప్పటికి చాప ఖాళీ అయి పది నిమిషాలైంది. తెగిపోయిన గొలుసు తెగకూడదని ఈమె మొగుడి చెయ్యి వదిలించుకుని వచ్చింది. ఆ పది నిమిషాలకి తన చాయి ఇంకా రాలేదు.

“ఐతారం శాలువ కప్పంగనే నేను లేచి చెప్పేస్త” అంది జయమ్మ. “వెయ్యి గాదు అయ్యగారూ, గా అంకె తుడిచి ఒకటి కెల్లి రాయున్రి అంట.”

“ఎవరూ అడగలేదు కదమ్మా” అన్నాడు దేవసహాయం. తన గొంతు తనకే పరాయిగా వినపడింది. “సంఘమంతా సంతోషంగా ఉంది. చెప్పకపోతే నష్టమేముంది?”

“ఏం మాట్లాడ్తున్నవు బిడ్డా? నువ్వనవల్సిన మాటనా గది?” ఆమె కోపంతో అనలేదు, ఆశ్చర్యంతో అంది. “తొమ్మిది నెల్ల సంది మోకాళ్ళ మీద కూసుంటున్న గాని నోట్లెకెల్లి మాట వస్తలేదు. ఊకె కూసుంట. దినాం నా చెయ్యి నీ భుజం మీద పడంగనే నువ్వు ఉలిక్కిపడ్తవు. ఎంత లోతుల మునిగిండో, నేనొచ్చి లేపితినే అని నాకు సిగ్గైతది. నీ పక్కన కూసునేటందుకు గూడ నాకు అర్హత లేదు.”

చెప్పెయ్యి అని లోపల ఎవరో అన్నారు. ఇప్పుడే, ఇక్కడే, గుడ్డా కత్తెరా చూస్తుండగానే చెప్పెయ్యి. దేవసహాయం నాలుక తడుపుకున్నాడు.

“నాకూ మాట రావట్లేదమ్మా” అన్నాడు.

“నీకెందుకు రాదు, నువ్వు ప్రార్థన మనిషివి” అని ఆమె ఆ మాటని అక్కడే తీసేసింది. “ఇగో, నేను వచ్చింది అందుకు గాదు. నీతోటి ఒక పనుంది. నేను చెప్తె అయ్యగారు నమ్మడు. దుక్కంల ముసల్దానికి మతి తప్పింది, దేవసహాయం కూసొనే ఉండొచ్చు అంటడు. అంత మంచోడాయన. కూసోబెట్టి శాలువ కప్పుతడు. అందుకని నేను చెప్పినంక నువ్వు లేచి ఒక్క మాట చెప్పాలె. మూడుదాక ఉన్నవని చెప్పు. మూడుకు శేటు దుకాణం తెరుస్తడు, నౌకరీ మనిషివి, పోయినవు. నీ మీద మాట రానియ్య. చెయ్యి పడకుంటనే ఎట్ల లేచినవని ఎవ్వరన్న అడిగితె నేను జవాబిస్త. నువ్వు మూడుదాక ఉన్నవంటె తప్పంత నాదేనని తేలిపోతది. గది తేలితె నాకు ఏడుపన్న వస్తది.”

దారపు ఉండల సంచితో శేటు తిరిగొచ్చాడు. “ఏంది, ఇంకా దేవుని ముచ్చటేనా?”

జయమ్మ లేచింది. దేవసహాయం ముఖంలోకి చూసి, “చెప్తవు గద బిడ్డా” అంది.

“సరే” అన్నాడు.

ఆమె వెళ్ళాక గుడ్డ చూసుకుంటే అంచు నాలుగు వేళ్ళు వంకరపోయింది. పదిహేనేళ్ళ పనిలో అంత వంకర ఎన్నడూ కోయలేదు. శేటు చూసి, తిట్టకుండా కొత్త దారపు ఉండ అందించాడు. అదే ఇంకా బాధైంది.

ఆ సాయంత్రం దేవసహాయం భార్య ప్రభావతి ఇంటి గుమ్మంలో కూర్చుని మొగుడి పంట్లాం మోకాలి దగ్గర మాసిక వేస్తోంది. గుంటూరు మనిషి. మాట దాచుకోదు.

“మీ భక్తికి గుడ్డ ఆగట్లేదు. ఇది మూడో మాసిక. ఆ చాపమీద మోకాళ్ళు పెట్టి కూర్చుంటున్నారో, ఈదుతున్నారో.”

ఆయన నవ్వలేదు.

“ప్రభా, ఒక్క అబద్ధంతో ఒక మనిషి గుండె తేలికపడుతుందనుకో. చెప్పొచ్చా?”

ఆమె సూది ఆపింది. “ఎవరి గుండె?”

 ఆయన లేచి చెంబుతో నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళాడు. దాహం లేదు.

శనివారం రెండింటికి మామూలుగానే మందిరానికి వెళ్ళాడు. ఒకటి నుంచి రెండు చేసే మనిషి భుజంమీద చెయ్యి వేశాడు. చాప వెచ్చగా ఉంది. పక్కన పళ్ళెంలో, తమకోసం ప్రార్థించమని జనం రాసి వేసిన చీటీలున్నాయి. కూతురికి సంబంధం, కొడుక్కి గుమాస్తా ఉద్యోగం, కడుపులో పుండు. డిసెంబరు తర్వాత ఆయన ఒక్కసారి కూడా ముందు లేవలేదు. పైగా పావుగంట ముందే వస్తున్నాడు. అది చూసి జనం తమ కష్టాలన్నీ రెండింటి వంతు చీటీల్లోనే వేస్తున్నారు. దేవసహాయం చేతుల్లో పడితే దేవుడు వింటాడని పేరొచ్చింది. ఆ పేరే ఆయన మెడకి రాయిలా వేలాడుతోంది. చీటీలు చదువుతాడు. పెదవులు ఆడతాయి. మాటలు రేకుల దాకా వెళ్ళి కింద పడుతున్నట్టుంటుంది.

నిజంగా లోపలినుంచి వచ్చేది ఒక్కటే మాట. తప్పయింది ప్రభువా. అది చాపమీద రాదు. దుకాణంలో కత్తెర పడ్డ ప్రతి కోతకీ వస్తుంది. మిషను తొక్కుతుంటే, నడుస్తుంటే, అన్నం కలుపుతుంటే వస్తుంది. నిద్రలో కూడా అన్నాడని ప్రభావతి ఒకసారి చెప్పింది. తొమ్మిది నెలల్లో అది ఒక్క గంట ఆగలేదు. దాన్ని ప్రార్థన అనుకోవడానికి ఆయనకి ధైర్యం లేదు. శిక్ష అనుకున్నాడు.

మూడింటికి జయమ్మ చెయ్యి భుజంమీద పడింది. ఉలిక్కిపడ్డాడు.

ఆదివారం మందిరం పట్టలేదు. సందులో కూడా బెంచీలు వేశారు. గోడకున్న నల్లబల్లమీద రత్నాకరం అయ్యగారు స్వయంగా సుద్దముక్కతో వెయ్యి అని అంకె వేసి చుట్టూ పూలు గీశారు. దేవసహాయం కుట్టిన తెల్లగుడ్డ బల్లమీద ఉంది. వంకరపోయిన అంచుని మడిచి లోపలికి కుట్టేశాడు, పైకి ఏమీ తెలియదు.

పాటలయ్యాయి. కానుకలయ్యాయి. అయ్యగారు లేచి, నిలబడలేని రోజున కూడా నిలబడ్డ స్త్రీ ఒకతి మన మధ్య ఉంది అన్నారు. శాలువా మడత విప్పారు. జయమ్మ ముందుకు నడిచి, శాలువా భుజాన పడకముందే రెండు చేతులతో పట్టుకుని ఆపింది.

“కప్పకున్రి అయ్యగారూ. నేను చెప్పేదుంది.”

చెప్పింది. దుకాణంలో చెప్పినట్టే, అదే వరసలో. కొంగు విడిపించుకున్నదీ, ఊరేగింపూ, ఖాళీ చాపా, దొంగగీతా. ఆడవాళ్ళ వైపు ఎవరో వెక్కారు. అయ్యగారి చేతిలో శాలువా కిందికి జారింది. ఆయన నల్లబల్లకేసి చూశారు.

“అమ్మా, నువ్వు దుఃఖంలో ఉన్నావు” అన్నారు. “ఆరోజు నీకు గంటలు గుర్తుంటాయా? దేవసహాయం చాపమీద ఉండే ఉంటాడు. నువ్వు గమనించి ఉండవు.”

“గీ మాటంటరనే దేవసహాయానికి చెప్పి పెట్టిన” అంది జయమ్మ. తిరిగి చూసింది. “లే బిడ్డా. చెప్పు.”

ఆయన లేచాడు. మగవాళ్ళందరూ తలలు తిప్పారు. వాళ్ళ కళ్ళల్లో అనుమానం లేదు. గౌరవం ఉంది. మూడుదాకా ఉన్నాను. అంతే. రెండు మాటలు. ఆమె అడిగింది అవే. అవి చెబితే ఆమెకి ఏడుపొస్తుంది, ఈయనకి పేరు నిలుస్తుంది, అయ్యగారు అంకె తుడిచి ఒకటి రాస్తారు, అందరూ ఇంటికెళ్ళి అన్నం తింటారు.

“మూడు...” అన్నాడు.

ఏ వెలుగూ కనపడలేదు. ఏ స్వరమూ వినపడలేదు. ఎప్పుడూ లోపల తిరిగే ఆ ఒక్క మాటే, ఎవరూ పిలవకుండా, పైకి వచ్చేసింది.

“తప్పయింది” అన్నాడు. “మూడుదాకా లేనమ్మా. రెండూ ఇరవైకే లేచిపోయాను. సంతకం రాగానే పెట్టేశాను.”

బయట స్టేషన్లో ఇంజను కూత వేసి ఆగింది. జయమ్మ పెదవులు మెల్లగా కదిలాయి. వేళ్ళ కణుపులమీద నిమిషాలు లెక్కపెడుతోంది. ఆ లెక్క ఎక్కడికి పోతుందో దేవసహాయానికి ముందే తెలుసు.

“అయితె నేను మంచం కాడికెల్లి లేచే యాళ్ళకే గీడ ఎవ్వరు లేకుండె.”

“లేరమ్మా.”

“ఎవ్వరు లేని జాగకు, ఆయన చెయ్యి ఇడిపించుకొని వచ్చిన.”

ఆయన తల దించుకున్నాడు. అయ్యగారు రెండడుగులు ముందుకు వేసి, “ఇప్పుడొద్దమ్మా, తర్వాత కూర్చుని మాట్లాడదాం” అన్నారు.

“మీరుండున్రి అయ్యగారూ.”

జయమ్మ నడిచి వచ్చింది. ఆడవాళ్ళ వరస దాటి, మగవాళ్ళ మధ్యకి వచ్చి, ఆయన ఎదురుగా నిలబడింది. తిడుతుందనుకున్నాడు. చెంపమీద కొడుతుందనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు. ఆమె ఎప్పటిలాగే భుజంమీద చెయ్యి వేసింది.

“నువ్వు ఊకెనే లేచే మనిషివి గావు. ఏదో పెద్ద కష్టమే వచ్చుంటది. ఇంట్ల పిల్లలకు పానం మీదికొచ్చిందా? ఎవరన్న బండి కింద పడ్డరా? ఏదో ఒకటి, పెద్దదే అయ్యుంటది.” ఆమె కళ్ళు ఆయన్ని బతిమాలుతున్నాయి. “గంత పెద్ద కష్టానికే దేవుడు నన్ను గీడికి తోలిండు, అందుకే ఆయన నా కొంగు పట్టుకున్నా నేనాగలే అనుకుంట. గట్లనన్న బతుకుత. చెప్పు బిడ్డా, యాడికి పోయినవు?”

అవతలి వరసలో ప్రభావతి లేచి నిలబడి ఉంది. ఇంట్లో ఆరోజు ఏ పిల్లకీ జ్వరం రాలేదని ఆ మందిరంలో మొగుడు కాక తెలిసినది ఆమె ఒక్కతే. ఆమె ఆయన నోటికేసి చూస్తోంది.

దేవసహాయం జయమ్మ చేతిని తన భుజంమీదనుంచి తీసి, రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

“జయమ్మగారూ” అన్నాడు, “స్టేషను ఎదురుగా...”